చెప్పులు కుట్టిన చేయి, అచ్చు దిద్దిన చేయి – విలియం కేరీ జీవితం

ప్రతి ఏటా మన సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు ఎంతో బాగా రాశారు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించారు. మేము విలియం కేరీ గారిని ఎంచుకున్నాం. ఎందుకో తెలియాలంటే ముందు రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది మా సొంత సంగతి. మేము ఎనిమిదో తరగతిలో హాస్టల్‌లో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అని ఒక గడి ఉండేది. మా నాన్న బస్టాండు పక్కన వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. మేము మాత్రం ఆ గడిలో వ్యవసాయం అని రాశాం. మాకు సెంటు భూమి లేదు. నాన్నకు చదువు రాదు. మేము ఏం రాశామో అడగకుండానే కింద వేలిముద్ర వేశాడు.

రెండోది మన సంచిక సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక చోట డీటీపీ చేయించాం. ఒక ఫాంటులో కొట్టిన మేటరును ఇంకో కంప్యూటర్లో తెరిచేసరికి వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. స్త్రీ అన్న మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక తమ్ముడి పేరులో ష్ణ ఉంది. ష్ ఒకచోట, ణ ఒకచోట పడ్డాయి. వాడి పేరు అచ్చులో రావడం అదే మొదటిసారి. వాళ్లమ్మ కూలికి వెళ్తుంది, చదువు రాదు. కానీ రేషన్ కార్డు మీద చూసి చూసి కొడుకు పేరు ఆకారం గుర్తుపడుతుంది. ఆ ప్రూఫు చేతిలో పట్టుకుని వాడు ఒక్కటే అడిగాడు, ఇలా వస్తే మా అమ్మ గుర్తుపట్టదు కదన్నా అని. మా దగ్గర జవాబు లేదు.

చెప్పులు కుట్టడం గురించి మాకున్న సిగ్గుకూ, విడిపోయిన ఆ వత్తుకూ ఒకే జీవితంలో సమాధానం దొరుకుతుందని మేము అనుకోలేదు. కేరీ గారి జీవితంలో దొరికింది.

పాత బూట్లు బాగుచేసే కుర్రాడు

విలియం కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెటూరిలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ నేతపని చేసేవారు. తరువాత ఆ ఊరి బడికి పంతులయ్యారు. ఐదుగురు పిల్లల్లో విలియం పెద్దవాడు. చిన్నతనంలో ఆయనకు చర్మవ్యాధి ఉండేది. ఎండ తగిలితే ఒళ్లంతా మంట. అందుకని పొలం పనికి పనికిరాడని పద్నాలుగో ఏట దగ్గర్లోని పిడింగ్టన్‌లో బూట్లు కుట్టే క్లార్క్ నికల్స్ దగ్గర పనికి కుదిర్చారు. అంటే నీడలో కూర్చుని చేసే పని కాబట్టి ఆ పనిలో పెట్టారన్నమాట.

ఆ యజమాని దగ్గర కొన్ని పుస్తకాలు ఉండేవి. వాటిలో బైబిలు వ్యాఖ్యానం ఒకటి. దాని పేజీల్లో అక్కడక్కడా కుర్రాడికి తెలియని లిపిలో మాటలు కనిపించాయి. అవి గ్రీకు అక్షరాలు. ఆ సంగతి కూడా ఆయనకు తెలియదు. అయినా ఆ ఆకారాలను జాగ్రత్తగా కాగితం మీద దించుకుని, సొంత ఊరికి వెళ్లినప్పుడు టామ్ జోన్స్ అనే నేతపనివాడికి చూపించారు. ఆయన కొంత చదువుకున్న మనిషి. ఆయనే గ్రీకు నేర్పారు. పేరు కూడా తెలియని అక్షరాన్ని వంకర పోకుండా, గీత తప్పకుండా రాసుకున్న ఆ కుర్రాడు తరువాత ఏం చేయబోతున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

ఆ తరువాత లాటిన్, హీబ్రూ, డచ్, ఫ్రెంచ్ భాషలు కూడా నేర్చుకున్నారు. ఏ కాలేజీకీ వెళ్లలేదు. ఒక పక్క తోలు, ఆరె, దారం. ఇంకో పక్క తెరిచిన పుస్తకం. కొన్నాళ్లకు మౌల్టన్ అనే ఊళ్లో బడి పెట్టి పిల్లలకు పాఠాలు చెప్పారు. బడి జీతం చాలక బూట్ల పని కూడా చేస్తూనే ఉన్నారు. పని గదిలో గోడ మీద కాగితాలు అతికించి చేత్తో గీసిన ప్రపంచ పటం ఉండేది. ఏ దేశంలో ఎంతమంది ఉన్నారో, ఏ మతమో, ఏ భాషో దాని మీద రాసుకునేవారు.

1781లో డొరతీ ప్లాకెట్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమెకు చదువు రాదు. పెళ్లి రిజిస్టరులో సంతకం బదులు ఒక గుర్తు పెట్టింది. మా నాన్న వేలిముద్ర లాంటిదే అది. ఈమె సంగతి మళ్లీ చెబుతాం.

సముద్రం దాటి

కేరీ గారు బాప్టిస్టు బోధకులయ్యారు. 1792లో కెటరింగ్ పట్టణంలో కొద్దిమంది కలిసి ఒక మిషనరీ సంఘం పెట్టారు. 1793 జూన్‌లో ఆయన కుటుంబంతో డెన్మార్క్ ఓడ ఎక్కి, దాదాపు ఐదు నెలలు ప్రయాణం చేసి నవంబరు 11న బెంగాల్ చేరారు. డెన్మార్క్ ఓడ ఎందుకంటే, ఈస్టిండియా కంపెనీకి మిషనరీలు రావడం ఇష్టం లేదు, అనుమతి ఇచ్చేది కాదు. ఓడలో ఉండగానే ఆయన బెంగాలీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. దిగాక రామ్‌రామ్ బసు అనే మున్షీ ఆయనకు గురువయ్యారు.

మొదటి సంవత్సరం నరకం. డబ్బు అయిపోయింది. అందరికీ జ్వరాలు, విరేచనాలు. 1794లో ముద్నబతి అనే చోట నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా పని దొరికింది. కానీ ఆ ఏడాదే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. శవపేటిక చేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మైలపడతామని భయం. నలుగురు ముస్లింలు ఒకరికొకరు ధైర్యం చెప్పుకుని గొయ్యి తవ్వారు. శవాన్ని మోయడానికి మనుషులను దొరకబుచ్చుకోవడమే కష్టమైంది. అంటరానితనం అంటే ఏమిటో ఆ దొరకు ఆ రోజు తెలిసి ఉంటుంది. మన వాడల్లో పెద్దవాళ్లను అడిగితే ఇలాంటివి ఎన్నో చెబుతారు.

డొరతీ గారు ఈ దేశం రావడానికి మొదట ఒప్పుకోలేదు. చివరి నిమిషంలో చెల్లెలు తోడు వస్తానంటే బయలుదేరింది. కొడుకు పోయాక ఆమె మనసు చెదిరిపోయింది. మళ్లీ కోలుకోలేదు. 1807లో చనిపోయేదాకా అదే స్థితి. పక్క గదిలో ఆమె కేకలు వేస్తుంటే ఈ గదిలో ఆయన అనువాదం చేసుకునేవారు. మహనీయుల జీవితం రాసేటప్పుడు ఇలాంటివి దాటేయడం మామూలే. కానీ సంతకం రాని ఆ తల్లి కూడా ఈ కథకు మూల్యం చెల్లించింది. అది రాయకపోతే తప్పు.

కమ్మరి చేతిలో అక్షరం

1798లో కేరీ గారికి ఒక చెక్క ముద్రణ యంత్రం దొరికింది. ఫ్యాక్టరీ యజమాని జార్జ్ ఉడ్నీ కొనిచ్చారు. దాన్ని దించి నిలబెడితే చూడవచ్చిన జనం అది దొర పూజించే విగ్రహం అనుకున్నారట. 1800 జనవరిలో ఆయన కలకత్తాకు దగ్గరగా హుగ్లీ నది ఒడ్డున ఉన్న సెరాంపూర్‌కు మారారు. అది అప్పట్లో డెన్మార్క్ వాళ్ల ఊరు. కంపెనీ చేయి అక్కడిదాకా రాదు. ముద్రణ పని తెలిసిన విలియం వార్డ్, బడిపంతులు జాషువా మార్ష్‌మన్ అక్కడ ఆయనతో కలిశారు. ముగ్గురూ సంపాదించింది ఉమ్మడి ఖాతాలో వేసి, ఒకే చోట తినేవారు. మన మెస్ లాగే!

యంత్రం ఉంది, కాగితం ఉంది. మరి అక్షరాలు? బెంగాలీ అచ్చులు ఇంగ్లండులో చేయిస్తే తడిసి మోపెడవుతుంది. ఇక్కడే పంచానన కర్మకార్ గారు కథలోకి వస్తారు. కర్మకార్ అంటే కమ్మరి. 1778లో హుగ్లీలో హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం అచ్చయినప్పుడు చార్లెస్ విల్కిన్స్ దగ్గర బెంగాలీ అక్షరాలు చెక్కడం నేర్చుకున్న మనిషి ఆయన. సెరాంపూర్ వచ్చి అక్షరాల పోత పని మొదలుపెట్టారు.

ఆ పని ఎలా ఉంటుందో తమ్ముళ్లు తెలుసుకోవాలి. ఒక ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని తిరగేసి, అంటే అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. దాన్ని రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొడితే అక్షరం గుంటగా పడుతుంది. ఆ గుంటను మూసలో పెట్టి కరిగించిన సీసపు మిశ్రమం పోస్తే ఒక అచ్చు అక్షరం తయారవుతుంది. ఇలా ఒక్కో అక్షరానికీ చేయాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కడ్డీ పారేయాల్సిందే.

ఇంగ్లీషుకు 26 అక్షరాలు. పెద్దవి, చిన్నవి, అంకెలు, గుర్తులు కలిపినా లెక్క తొందరగానే తెగుతుంది. మన లిపులు అలా కావు. క ఒకటి చెక్కితే చాలదు. కా, కి, కు, కె, కొ కావాలి. క్క, క్ర, క్ష్మి కావాలి. దేవనాగరి లిపికి దాదాపు 700 ముక్కలు కావాలని లెక్క తేలింది. పంచానన గారు ఆ పని సగం దాటించి 1804 ప్రాంతంలో చనిపోయారు. అప్పటికే అల్లుడు మనోహర్‌కు పని నేర్పారు. మనోహర్ గారు 40 ఏళ్లకు పైగా అదే పని చేసి ఎన్నో భాషలకు అక్షరాలు చెక్కారు. కేరీ గారి మతం పుచ్చుకోలేదు, కమ్మరిగానే బతికారు. ఆ పుస్తకాల మీద కేరీ గారి పేరు కనిపిస్తుంది. అక్షరం చెక్కిన చేతుల పేర్లు మాత్రం వెతికితే గాని దొరకవు.

మాకు అనిపించేది ఒక్కటే. బూటు అడుగు కుట్టేటప్పుడు ఆరె ఒక్క పోటు పక్కకు పోతే బూటు నీళ్లు పీలుస్తుంది. ఆ సంగతి తెలిసిన మనిషి కాబట్టే కేరీ గారు కమ్మరి పని విలువ గుర్తించారు. లిపి ఆకారం సరిగ్గా రావాలని పట్టుబట్టారు. విదేశీ లిపి కదా, ఎలాగో అర్థమైతే చాలు అనుకోలేదు.

డిగ్రీ లేని ప్రొఫెసరు

1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడాది కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి కలకత్తాలో పెట్టిన ఫోర్ట్ విలియం కాలేజీలో ఆయనకు బెంగాలీ బోధించే పని వచ్చింది. తరువాత సంస్కృతం, మరాఠీ కూడా చెప్పారు, ప్రొఫెసరు అయ్యారు. విద్యార్థిగా ఒక్క రోజు కూడా కాలేజీ గడప తొక్కని మనిషి! ఆ కాలేజీ మనల్ని పాలించడానికి వచ్చిన వాళ్లకు భాషలు నేర్పడానికి పెట్టిందే, అది మరచిపోకూడదు. కానీ దానివల్లే బెంగాలీలో వచన పుస్తకాలు పుట్టాయి. రామ్‌రామ్ బసు గారి రాజా ప్రతాపాదిత్య చరిత్ర 1801లో సెరాంపూర్‌లోనే అచ్చయింది. నెలకు 500, తరువాత 1,000 రూపాయల జీతం వచ్చినా కొద్దిగా మాత్రం ఉంచుకుని మిగిలిందంతా ఉమ్మడి ఖాతాలోనే వేసేవారు.

గవర్నర్ జనరల్ విందులో జరిగిందని ఒక సంగతి చెబుతారు. సెరాంపూర్‌కు ఎదురుగా నది అవతల ఒడ్డున బారక్‌పూర్‌లో గవర్నర్ బంగళా. అక్కడ భోజనాల దగ్గర ఒక సైనికాధికారి, కేరీ గారికి వినపడేటట్టే, ఈయన ఒకప్పుడు బూట్లు తయారు చేసేవాడు కదా అని పక్కవారిని అడిగాడట. అవమానించాలనే అడిగాడు. కేరీ గారు వెనక్కి తిరిగి, తాను బూట్లు తయారు చేసేవాణ్ణి కూడా కాదని, పాతవి బాగుచేసేవాణ్ణి మాత్రమేనని సరిదిద్దారట. అధికారి ఒక మెట్టు దించితే, ఆయన తనంతట తాను ఇంకో మెట్టు దిగి చూపించారు. ఆ తరువాత ఆ అధికారి దగ్గర ఇంకేం మిగులుతుంది?

ఇది చదివాక మేము పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాం. దరఖాస్తులోని ఆ గడి గుర్తొచ్చింది.

మంటల్లో తెలుగు

1812 మార్చి 11 సాయంత్రం సెరాంపూర్ ముద్రణాలయం కాలిపోయింది. కేరీ గారు అప్పుడు కలకత్తాలో ఉన్నారు. మర్నాడు మార్ష్‌మన్ గారు వెళ్లి చెప్పారు. ప్రాణనష్టం లేదు. కానీ గోడౌను నిండా కాగితం, 14 తూర్పు భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు పోయాయి. ఎన్నో భాషల మాటలు పక్కపక్కన పెట్టి తయారు చేస్తున్న పెద్ద నిఘంటువు పోయింది. అది మళ్లీ పూర్తి కాలేదు. ఆయన రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఆ మంటల్లోనే పోయింది.

బూడిద తవ్వితే పంచానన, మనోహర్ గార్లు చెక్కిన ఉక్కు కడ్డీలు, రాగి గుంటలు చెక్కుచెదరకుండా దొరికాయి. అక్షరాలు కరిగి ముద్దలైనా ఆ సీసం ఉంది. యంత్రాలు దక్కాయి. కరిగిన సీసాన్ని మళ్లీ కరిగించి, అవే గుంటల్లో పోసి, కొద్ది వారాల్లోనే అచ్చు పని మళ్లీ మొదలుపెట్టారు. ఇంగ్లండు నుంచి చందాలు వచ్చాయి. ఒకసారి నడిచిన దారి రెండోసారి తొందరగా సాగుతుందని కేరీ గారు తనకు తాను చెప్పుకుని పోయిన పుస్తకాలు మళ్లీ రాయడానికి కూర్చున్నారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దాటాయి.

అలా మళ్లీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో సెరాంపూర్‌లో అచ్చయింది. తెలుగు అచ్చు అంతకు ముందు లేదని కాదు. 1740లలోనే జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. కేరీ వ్యాకరణం వచ్చిన రెండేళ్లకు, 1816లో, మద్రాసులో కాంప్‌బెల్ వ్యాకరణం వచ్చింది. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1852లో వచ్చింది. ఆ వరుసలో సెరాంపూర్ ఒక మెట్టు.

1818లో సెరాంపూర్ తెలుగు కొత్త నిబంధన కూడా అచ్చయింది. కానీ ఆ తెలుగు మన జనం నోటికి పట్టలేదు. కేరీ గారు తెలుగు నేల మీద ఎప్పుడూ ఉండలేదు. పండితుల సాయంతో, సంస్కృతం, బెంగాలీ దన్నుతో దూరం నుంచి చేసిన పని అది. విశాఖపట్నంలో జనం మధ్య ఉన్న మిషనరీలు వేరే అనువాదం చేసుకున్నారు. అక్షరం చక్కగా ఉంటే చాలదు, మాట కూడా అక్కడి మనిషిదే కావాలని ఇందులో పాఠం. కేరీ గారి గొప్పతనాన్ని ఇది తగ్గించదు. ఎవరి భాష పని వాళ్లే చేసుకోవాలని మాత్రం చెబుతుంది.

మనకు ఆయనతో ఇంకో బంధుత్వం ఉంది. మన సామర్లకోటలో చాలా ఏళ్లు ఉండి కోరమండల్ తీరపు మొక్కల మీద పరిశోధన చేసిన విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు స్నేహితుడు. రాక్స్‌బర్గ్ చనిపోయాక ఆయన మొక్కల గ్రంథాన్ని కేరీ గారే అచ్చు వేయించారు. కుంభి చెట్టు శాస్త్రీయ నామంలో మొదటి మాట కేరియా. అది రాక్స్‌బర్గ్ పెట్టిన పేరే. ఎండకు పనికిరాడన్న కుర్రాడు చివరికి కలకత్తాలో 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘం స్థాపించాడు!

చివరి రోజులు

1818లో సెరాంపూర్ నుంచి సమాచార్ దర్పణ్ అనే బెంగాలీ వార్తాపత్రిక మొదలైంది. ఆ ఏడాదే కులమతాలతో పని లేకుండా అందరికీ చదువు చెప్పే సెరాంపూర్ కాలేజీ పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు దానికి డిగ్రీలు ఇచ్చే అధికారం ఇచ్చారు. 1829 డిసెంబరులో సతీసహగమనాన్ని నిషేధిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. దాన్ని బెంగాలీలోకి మార్చే పని కేరీ గారికి ఆదివారం నాడు అందింది. ఆయన ప్రసంగం మానుకుని పొద్దుపోయేలోపు పూర్తి చేశారు. ఆలస్యమైన ప్రతి గంటకూ ఎక్కడో ఒక ఆడమనిషి కాలిపోవచ్చు కదా. అనువాదం అనేది ప్రాణం కాపాడే పని కూడా కాగలదు.

1801 నుంచి 1832 మధ్య సెరాంపూర్ ముద్రణాలయం 40 భాషల్లో 2,12,000 పుస్తకాలు వెలువరించింది. 1834 జూన్ 9న కేరీ గారు సెరాంపూర్‌లోనే కన్నుమూశారు. 41 ఏళ్లలో ఒక్కసారి కూడా ఇంగ్లండు తిరిగి వెళ్లలేదు.

ఇప్పటి సంగతి

తమ్ముళ్లారా, ఇప్పుడు సీసం లేదు, కొలిమి లేదు. కానీ అప్పటి చిక్కు ఇప్పటికీ ఉంది. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. మనం వాడిన పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల అంకెల మీద తెలుగు బొమ్మలు అతికించేవారు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా అతికించింది. అందుకే ఫాంటు మారితే మేటరు పిచ్చి గీతలయ్యేది. మన సంచికకు జరిగింది అదే.

1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులు సొంతంగా కేటాయించారు. అందులో వత్తులకు వేరే గడులు లేవు. స్త్రీ అని రాస్తే కంప్యూటరు లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు అంకెలు వరుసగా ఉంటాయి. ఆ ఆరింటినీ కలిపి ఒక్క అక్షరంగా తెర మీద పేర్చే ప్రోగ్రాము వేరే ఉండాలి. దానికి తగిన ఆకారాలు ఫాంటులో ఉండాలి. ఒకప్పుడు కంపోజిటరు చేత్తో చేసిన కూర్పు ఇప్పుడు ఆ ప్రోగ్రాము చేస్తుంది. పంచానన గారి 700 ముక్కలు ఇప్పుడు ఫాంటు కడుపులో ఉన్నాయి. రెండింటిలో ఏది సరిగ్గా లేకపోయినా వత్తు ఊడిపోతుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు చేరింది. పోతన, వేమన పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు కూడా వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం ఒక రకం వరుసలో వస్తే ఐఫోన్లలో మెసేజీల యాప్‌లు మూతపడ్డాయి. దాన్ని సరిచేస్తూ కంపెనీ కొద్ది రోజుల్లోనే కొత్త వెర్షన్ విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరాన్ని అంత పెద్ద యంత్రం మోయలేకపోయింది చూడండి!

ఈ లోపాలు ఎవరు సరిచేస్తారు? ఆ అక్షరం తప్పు వస్తే నొప్పి తెలిసిన వాళ్లే చేయాలి. మన హాస్టల్లో కంప్యూటర్ సైన్సు చదివే వాళ్లు ఉన్నారు. బొమ్మలు బాగా వేసే వాళ్లు ఉన్నారు. కమ్మరి, కుమ్మరి, చెప్పులు కుట్టే ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. గీత వంకర పోతే పట్టుకునే కన్ను మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. తెలుగు ఫాంటు తయారు చేయడం మనకు చేతకాని పని కాదు.

ఈ సంచిక మొత్తం యూనికోడ్‌లో కొట్టించాం. ప్రతి రచయితకూ తన పేజీ చూపించి, పేరు సరిగ్గా వచ్చిందని చెప్పాకే అచ్చుకు పంపాం. ష్ణ ఉన్న తమ్ముడి కవిత ఈసారి కూడా ఉంది. వాడు ఫోన్లో ఆ పేజీ ఫోటో తీసుకుని ఊరికి పట్టుకెళ్లాడు. వాళ్లమ్మ పేరు మీద వేలు పెట్టి చూపించిందట.

మా సంగతి కూడా చెప్పి ముగిస్తాం. పీజీ స్కాలర్‌షిప్ దరఖాస్తులో మళ్లీ అదే గడి వచ్చింది. తండ్రి వృత్తి. ఈసారి చెప్పులు కుట్టడం అని టైపు చేశాం. ఆ మాటలో ప కింద ప వత్తు ఉంటుంది. తెర మీద సరిగ్గానే వచ్చింది. ప్రింటు తీసి నాన్నకు చదివి వినిపించాం. నాన్న ఏమీ అనలేదు. కళ్లజోడు సర్దుకుని, కాగితం నలగకుండా మడిచి, ఆరె, రంపె పెట్టుకునే పెట్టెలో పెట్టుకున్నాడు.